శరీరంలో కొవ్వు ఎంతుందో కొలవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బరువు తగ్గాలనుకునేవాళ్లు, కండ పెంచాలనుకునేవాళ్లు, డాక్టర్ చెప్తే కొలిపించుకున్నవాళ్లు, ఎవరు వచ్చినా అడిగేవి మాత్రం అవే ప్రశ్నలు. "ఇంట్లో మెషిన్ 28 అంటోంది, స్కాన్ 33 అంటోంది, ఏది నమ్మాలి?" అన్నది వాటిలో రాజు లాంటిది. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పుకొచ్చే బదులు ఒకచోట రాసిపెడదామని ఇది మొదలుపెట్టాను. ఏ దశలో ఏ సందేహం వస్తుందో ఆ వరుసలో ఉన్నాయి. మీ ప్రశ్న ఎక్కడుంటే నేరుగా అక్కడికే వెళ్లిపోండి.

## కొలవక ముందు

రోజూ బరువు చూసుకుంటూనే ఉన్నాను. మళ్లీ ఈ కొవ్వు శాతం గోలెందుకు?

బరువు తూచే మెషిన్‌కి మనిషి ఒక మూట. నీళ్లు, ఎముకలు, కండ, కొవ్వు, నిన్న రాత్రి తిన్న తిండి, అన్నీ కలిపి ఒకే అంకె చూపిస్తుంది. ఆ మూటలోంచి ఏది తగ్గిందో దానికి తెలియదు.

ఒక లెక్క చూడండి. 60 కిలోల మనిషిలో 30 శాతం కొవ్వు ఉంటే కొవ్వు 18 కిలోలు, మిగతాది 42 కిలోలు. ఆ మనిషి సరిగ్గా తినకుండా, ఒళ్లు కదపకుండా 54 కిలోలకి దిగిందనుకుందాం. తగ్గిన 6 కిలోల్లో కొవ్వు ఒకటిన్నర కిలోలే అయితే ఇప్పుడు కొవ్వు 16.5, మిగతాది 37.5. శాతం తీస్తే 30.6. అంటే 6 కిలోలు తగ్గినా కొవ్వు శాతం పెరిగింది. చూసినవాళ్లు "భలే తగ్గావే" అంటారు. ఒంట్లో పోయిందేమో ఎక్కువగా కండ, నీరు.

బీఎంఐ ఉంది కదా, అది చాలదా?

బరువుని కిలోల్లో తీసుకుని, ఎత్తుని మీటర్లలో తీసుకుని వర్గం చేసి భాగిస్తే వచ్చేదే బీఎంఐ. 19వ శతాబ్దంలో బెల్జియం గణిత శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే జనాభా సగటుల కోసం వేసిన లెక్క ఇది. దానికి బాడీ మాస్ ఇండెక్స్ అన్న పేరు 1972లో ఆన్సెల్ కీస్ బృందం పెట్టింది. వేలమంది గురించి మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. ఒక్కరి దగ్గరికి వచ్చేసరికి తడబడుతుంది.

దీనికి నాకు బాగా నచ్చే ఉదాహరణ ఒకటుంది. 2004లో లాన్సెట్ పత్రికలో పుణెకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన డాక్టర్ యూడ్‌కిన్ తమ ఫొటోలు పక్కపక్కన వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఎక్స్‌రేలతో కొవ్వు కొలిచే డెక్సా స్కాన్‌లో చూస్తే యూడ్‌కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. యూడ్‌కిన్ మారథాన్లు పరిగెత్తేవాడు. యాజ్ఞిక్ మాత్రం తన వ్యాయామం ఆసుపత్రి లిఫ్ట్ తలుపులు మూసుకునేలోపు పరిగెత్తడమేనని తనమీద తనే జోకు వేసుకున్నాడు.

అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఆసియా ప్రజల విషయంలో 25 దాకా ఆగకుండా 23 నుంచే జాగ్రత్తపడాలని సూచించారు. అదే బీఎంఐ దగ్గర ఆసియా వాళ్లలో కొవ్వు సగటున ఎక్కువగా ఉండటమే కారణం.

రిపోర్టులో ఫ్యాట్ మాస్, లీన్ మాస్, మజిల్ మాస్ అని రాస్తారు. తేడా ఏంటి?

ఫ్యాట్ మాస్ అంటే కొవ్వు మొత్తం. కొవ్వు తీసేస్తే మిగిలేదంతా స్థూలంగా లీన్ మాస్. అందులో కండతో పాటు గుండె, కాలేయం, మెదడు, రక్తం, నీరు అన్నీ ఉంటాయి. కొన్ని పద్ధతులు ఎముకలోని ఖనిజాన్ని విడిగా చూపిస్తాయి, కొన్ని లీన్‌లోనే కలిపేస్తాయి. మజిల్ మాస్ లీన్‌లో ఒక భాగం మాత్రమే.

"లీన్ మాస్ ఒక కిలో పెరిగింది" అని చూడగానే కండ పెరిగిందని సంబరపడేవాళ్లు చాలామంది. రెండు గ్లాసుల నీళ్లు తాగినా లీన్ మాస్ పెరుగుతుంది.

కొవ్వు ఎంత శాతం ఉంటే నార్మల్?

అందరూ ఒప్పుకున్న ఒకే గీత లేదు. ఎక్కువగా వాడే అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్ పట్టిక ప్రకారం మగవాళ్లలో 18 నుంచి 24, ఆడవాళ్లలో 25 నుంచి 31 శాతం మామూలు. మగవాళ్లలో 25, ఆడవాళ్లలో 32 దాటితే స్థూలకాయం కింద లెక్క. బాగా వ్యాయామం చేసేవాళ్లలో మగవాళ్లు 14 నుంచి 17, ఆడవాళ్లు 21 నుంచి 24 మధ్య ఉంటారు. కొందరు నిపుణులు ఆడవాళ్లకి గీతని 35 దగ్గర గీస్తారు.

వయసుతో పాటు ఈ అంకె కొంత పెరగడం సహజం. 25 ఏళ్లప్పటి శాతాన్ని 60లో పట్టుకోవాలని చూడనక్కర్లేదు. ఆడవాళ్లలో ఎక్కువ ఉండటం కూడా లోపమేమీ కాదు. గర్భధారణకి, హార్మోన్లకి ఆ కొవ్వు అవసరం.

కొవ్వు ఎంత ఉందన్నది ముఖ్యమా, ఎక్కడ ఉందన్నది ముఖ్యమా?

ఆరోగ్యం సంగతైతే ఎక్కడ ఉందన్నదే. 1947లో ఫ్రెంచ్ డాక్టర్ జాన్ వాగ్ ఈ మాట చెప్పాడు. పై భాగంలో, పొట్ట చుట్టూ కొవ్వు చేరేవాళ్లకి చక్కెర జబ్బు లాంటివి ఎక్కువగా వస్తున్నాయని, తొడలు, పిరుదుల దగ్గర చేరేవాళ్లలో అంతగా రావడం లేదని గమనించాడు. చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

చర్మం కింద చేతికి మెత్తగా తగిలే కొవ్వు ఒకటి. కడుపు లోపల పేగుల చుట్టూ, కాలేయం పక్కన చేరేది ఇంకొకటి. దీన్నే విసరల్ ఫ్యాట్ అంటారు. అందులో చాలా భాగం నుంచి రక్తం నేరుగా కాలేయానికి వెళ్తుంది. ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడానికీ దీనికీ సంబంధం ఉందనడానికి అదొక కారణం. అందుకే కాళ్లూ చేతులూ సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చినవాళ్లు "నేను లావు కాదు కదా" అని ధీమాగా ఉండకూడదు.

## పద్ధతి ఎంచుకునేటప్పుడు

వీటన్నిటిలో నూటికి నూరు శాతం కరెక్ట్ పద్ధతి ఏది?

బతికున్న మనిషి మీద అలాంటిది లేదు. కొవ్వుని నేరుగా తూచాలంటే శరీరాన్ని కోసి విడదీయాలి. మృతదేహాల మీద అలాంటి పని జరిగింది కూడా. బ్రస్సెల్స్‌లో చేసిన అధ్యయనం వివరాలు 1984లో వచ్చాయి. మిగతావన్నీ ఇంకేదో కొలిచి, దాని నుంచి కొవ్వుని లెక్కగట్టేవే. ఒకటి సాంద్రతని కొలుస్తుంది, ఒకటి కరెంటుకి ఎదురయ్యే నిరోధాన్ని, ఒకటి ఎక్స్‌రే ఎంత ఆగిందన్నదాన్ని, ఒకటి చర్మపు మడత మందాన్ని.

పరిశోధనల్లో గట్టిదని భావించేది నాలుగు భాగాల పద్ధతి. నీరు, ఎముక ఖనిజం, శరీర సాంద్రత విడివిడిగా కొలిచి, వాటి నుంచి కొవ్వు తీస్తారు. అందుకు మూడు వేర్వేరు పరీక్షలు కావాలి. మామూలు మనిషికి అందేవాటిలో డెక్సా మెరుగు. నెలనెలా ఇంట్లో చూసుకోవడానికైతే టేపుని మించింది నాకు కనిపించలేదు.

నీళ్లలో ముంచి తూస్తారట, నిజమేనా?

నిజమే. కొవ్వు నీళ్లలో తేలుతుంది, కండ, ఎముక మునుగుతాయి. బయట బరువు, పూర్తిగా మునిగినప్పటి బరువు తెలిస్తే ఆర్కిమిడీస్ సూత్రంతో శరీర సాంద్రత వస్తుంది. కొవ్వు సాంద్రత 0.9, మిగతా శరీరానిది 1.1 అనుకుని సిరి అనే శాస్త్రవేత్త ఇచ్చిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. 495ని సాంద్రతతో భాగించి 450 తీసేస్తే కొవ్వు శాతం వస్తుంది.

ఈ పద్ధతికి పేరు తెచ్చింది అమెరికా నౌకాదళ డాక్టర్ ఆల్బర్ట్ బెంకీ. 1942లో ఆయన వృత్తి ఫుట్‌బాల్ ఆటగాళ్లని ఇలా తూచాడు. బరువు పట్టికల ప్రకారం వాళ్లలో చాలామంది సైన్యానికి పనికిరానంత లావు. నీళ్లలో తూస్తే తేలింది వేరు. వాళ్ల ఒంట్లో ఉన్నది కండ.

కష్టం ఎక్కడంటే, ఊపిరితిత్తుల్లో గాలి మొత్తం బయటికి వదిలేసి నీళ్లలో కదలకుండా ఉండాలి. నీళ్లంటే భయపడేవాళ్లకి కుదరదు. గాలి కొంచెం మిగిలినా మీరు ఉన్నదానికన్నా లావుగా తేలతారు, ఆ గాలి మిమ్మల్ని పైకి లేపుతుంది కాబట్టి.

బాడ్ పాడ్ అంటే?

గుడ్డు ఆకారంలో ఉండే గది లాంటిది. అందులో కూర్చుంటే మీరు ఎంత గాలిని పక్కకి నెట్టారో చూసి శరీర ఘనపరిమాణం కనిపెడుతుంది. నీళ్లలో ముంచే పరీక్షకి తడవని రూపం అనుకోవచ్చు. ఒంటికి అంటుకునే బట్టలు, తలకి టోపీ తప్పనిసరి. వదులు బట్టల్లో, జుట్టులో ఇరుక్కున్న గాలి లెక్క చెడగొడుతుంది.

డెక్సా స్కాన్ అంటే ఎక్స్‌రేనే కదా, రేడియేషన్ భయం లేదా?

ఎక్స్‌రేనే, మోతాదు మాత్రం చాలా తక్కువ. పూర్తి శరీరం స్కాన్‌లో తగిలేది కొన్ని మైక్రోసీవర్ట్‌లు. నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనకి ఎలాగూ ఒకటి రెండు రోజుల్లో అందేది దాదాపు అంతే. ఏడాదికి ఒకటి రెండుసార్లు చేయించుకుంటే కంగారు పడాల్సింది లేదు. గర్భిణులకి మాత్రం చేయరు. గర్భం అన్న అనుమానం ఉన్నా ముందే చెప్పాలి.

రెండు వేర్వేరు శక్తులున్న ఎక్స్‌రేలు పంపి, ఏది ఎంత ఆగిందో చూసి ఎముక, కొవ్వు, మిగతా మెత్తటి భాగం అని విడదీస్తుంది. కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, కాళ్లు, మొండెం అని విడివిడిగా చూపించడం దీని పెద్ద సుగుణం.

డెక్సాకి వెళ్లే ముందు ఏం చూసుకోవాలి?

పొద్దున్నే, ఏమీ తినకముందు వెళ్తే మంచిది. ముందు రోజు గట్టి వ్యాయామం వద్దు. జిప్పులు, హుక్కులు, నగలు ఉండకూడదు. ఈమధ్య బేరియం తాగి పరీక్ష చేయించుకున్నా, రంగు మందు ఎక్కించి సీటీ తీయించుకున్నా ఆ సంగతి చెప్పండి, కొన్ని రోజులు ఆగమంటారు. ఒంట్లో స్టీలు రాడ్డు, కృత్రిమ కీలు ఉన్నా చెప్పాలి.

అన్నిటికన్నా ముఖ్యం, రెండోసారి కూడా అదే చోట, అదే మెషిన్ మీద చేయించుకోండి. రెండు కంపెనీల మెషిన్లు ఒకే మనిషికి వేర్వేరు శాతాలు ఇస్తాయి. చోటు మారిస్తే పాత రిపోర్టుతో పోల్చడానికి ఏమీ మిగలదు.

క్యాలిపర్‌తో చర్మం పట్టుకుని కొలవడం పాతబడిపోయింది కదా?

పాతదే, కానీ పట్టే చెయ్యి మంచిదైతే ఇప్పటికీ మంచి పద్ధతే. చర్మాన్ని, దాని కింది కొవ్వుని వేళ్లతో మడతలా లాగి, ఆ మందాన్ని పటకారు లాంటి క్యాలిపర్‌తో మిల్లీమీటర్లలో చూస్తారు. 1974లో డర్నిన్, వోమర్‌స్లీ నాలుగు చోట్ల కొలిచే పట్టిక ఇచ్చారు. మోచేతికి పైన చేతి ముందు, వెనక, భుజం ఎముక కింద, తుంటి ఎముక పైన. తర్వాత జాక్సన్, పొల్లాక్ సూత్రాలు వచ్చాయి. మూడు చోట్ల కొలిచే వాళ్ల పద్ధతిలో మగవాళ్లకి ఛాతీ, పొట్ట, తొడ. ఆడవాళ్లకి చేతి వెనక, తుంటి పైన, తొడ.

దీన్ని చెడగొట్టేది చెయ్యే. ఒకరు ఒక సెంటీమీటర్ పైన పడితే, ఇంకొకరు కింద పడతారు. ఒకరు కండని కూడా కలిపి లాగేస్తారు. క్యాలిపర్ నొక్కే ఒత్తిడి చదరపు మిల్లీమీటర్‌కి 10 గ్రాములు ఉండాలి, చవక ప్లాస్టిక్ క్యాలిపర్లలో అది నిలకడగా ఉండదు. కాబట్టి ఎప్పుడూ ఒకే మనిషి చేత, శరీరానికి కుడివైపునే, వ్యాయామానికి ముందే కొలిపించుకోండి.

నేనైతే శాతంలోకి మార్చడం మానేశాను. అన్ని చోట్ల మందం కూడి మొత్తం మిల్లీమీటర్లు రాసిపెట్టుకుంటాను. సూత్రం తెచ్చే తప్పు అలా తప్పుతుంది. కడుపు లోపలి కొవ్వు గురించి మాత్రం ఇది ఏమీ చెప్పలేదు.

## ఇంట్లో కొలుచుకునేటప్పుడు

కాళ్లతో ఎక్కే మెషిన్ ఒంట్లో కొవ్వుని ఎలా కనిపెడుతుంది?

కనిపెట్టదు, ఊహిస్తుంది. ఒక పాదం నుంచి ఇంకో పాదానికి మనకి తెలియనంత చిన్న కరెంటు పంపి, ఎంత నిరోధం ఎదురైందో చూస్తుంది. నీళ్లున్న కండలో కరెంటు సులువుగా పోతుంది, కొవ్వులో పోదు. నిరోధాన్ని, మీ ఎత్తుని బట్టి ఒంట్లో నీళ్లెన్నో అంచనా వేస్తుంది. కొవ్వు కాని భాగంలో 73 శాతం నీరు ఉంటుందన్న లెక్కతో లీన్ మాస్ తీస్తుంది. దాన్ని బరువులోంచి తీసేసి మిగిలింది కొవ్వు అంటుంది. అంచనా మీద అంచనా అన్నమాట.

కరెంటు దగ్గరి దారి చూసుకుంటుంది. పాదాల మెషిన్‌లో అది కాళ్లలోంచి ఎక్కి తుంటి దగ్గరే దిగిపోతుంది. చేత్తో పట్టుకునే రకంలో పై భాగంలోనే తిరుగుతుంది. చేతులకి, కాళ్లకి కలిపి ఎనిమిది ఎలక్ట్రోడ్లు ఉండే రకం మెరుగే. అయితే బరువులో దాదాపు సగం ఉండే మొండెం మొత్తం నిరోధంలో పదో వంతే ఇస్తుంది, కాబట్టి పొట్ట విషయంలో దీని చూపు మసకే.

సరదాకి ఒక పని చేయండి. యాప్‌లో మీ వయసు 20 ఏళ్లు పెంచి మళ్లీ ఎక్కండి. చాలా మెషిన్లలో శాతం మారిపోతుంది. ఒళ్లు అదే, కరెంటు అదే. ఆ అంకెలో ఎంత భాగం పట్టికల నుంచి వచ్చిందో అప్పుడు తెలుస్తుంది. నేను కొత్తగా కొన్నప్పుడు ఎత్తు 5 సెంటీమీటర్లు ఎక్కువ కొట్టేసి, నెల రోజులు సన్నబడ్డానని మురిసిపోయాను.

పొద్దున 26 శాతం, సాయంత్రం 23 చూపిస్తోంది. మెషిన్ పాడైందా?

బాగానే ఉంది. రాత్రంతా నీళ్లు తాగలేదు, పొద్దున ఒళ్లు ఎండి ఉంటుంది, నిరోధం పెరుగుతుంది, మెషిన్ దాన్ని కొవ్వు అనుకుంటుంది. సాయంత్రానికి కాళ్లలోకి నీరు దిగుతుంది, పాదాలు వెచ్చబడతాయి, అంకె తగ్గుతుంది. పగిలిన పాదాలు, సాక్సుల దుమ్ము, స్నానం చేసి తడి కాళ్లతో ఎక్కడం, అప్పుడే చేసిన వ్యాయామం, ఉప్పెక్కువైన భోజనం, మద్యం, అన్నీ ఆ అంకెని కదుపుతాయి.

పొద్దున లేచి బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినక తాగకముందు, ఉత్త పాదాలతో, గట్టి నేల మీద పెట్టి చూడండి. వారంలో నాలుగైదు రోజులవి రాసి సగటు తీయండి. ఒక్క రోజు అంకెకి విలువ లేదు.

జిమ్‌కి వెళ్తాను. అథ్లెట్ మోడ్ పెట్టుకోవాలా?

ఆ బటన్ మీ ఒంటిని వేరేగా కొలవదు, వేరే సూత్రం వాడుతుంది అంతే. అంకె చాలా తగ్గిపోతుంది. ఏళ్ల తరబడి వారానికి చాలా గంటలు సాధన చేసేవాళ్ల కోసం పెట్టింది అది. ఏది పెట్టినా మధ్యలో మార్చకండి.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఎక్కొచ్చా?

కరెంటు పంపే మెషిన్ ఎక్కకూడదు. ఒంట్లో ఎలక్ట్రానిక్ పరికరం ఏది అమర్చినా ఇదే జాగ్రత్త. కొన్ని మెషిన్లలో కరెంటు ఆపేసి బరువు మాత్రం చూసే వీలుంటుంది. టేపుకైతే ఏ అడ్డూ లేదు.

మెషిన్ లేకుండా ఉత్త టేపుతో కొవ్వు శాతం వస్తుందా?

వస్తుంది. అమెరికా నౌకాదళం కోసం 1984లో హాడ్గ్‌డన్, బెకెట్ తయారుచేసిన సూత్రం ఉంది. మగవాళ్లకి నడుము, మెడ, ఎత్తు చాలు. ఆడవాళ్లకి తుంటి కొలత కూడా కావాలి. అన్నీ సెంటీమీటర్లలో. మగవాళ్ల సూత్రం ఇది:

కొవ్వు శాతం = 495 ÷ [1.0324 − 0.19077 × లాగ్(నడుము − మెడ) + 0.15456 × లాగ్(ఎత్తు)] − 450

ఆడవాళ్లది:

కొవ్వు శాతం = 495 ÷ [1.29579 − 0.35004 × లాగ్(నడుము + తుంటి − మెడ) + 0.22100 × లాగ్(ఎత్తు)] − 450

లాగ్ అంటే 10 ఆధారంగా తీసేది, ఫోన్ క్యాలిక్యులేటర్‌లో ఉంటుంది. ఈ సూత్రంలో మగవాళ్లు బొడ్డు దగ్గర, ఆడవాళ్లు నడుము అన్నిటికన్నా సన్నగా ఉన్న చోట కొలవాలి. ఎత్తు 170, మెడ 38, నడుము 90 ఉన్న మగమనిషికి 21.5 శాతం వస్తుంది. అదే మనిషి టేపు కొంచెం వదులుగా పట్టి నడుము 92 అని రాస్తే 22.9. రెండు సెంటీమీటర్లకే దాదాపు ఒకటిన్నర పాయింటు పోయింది. అందుకే ప్రతి కొలతా మూడుసార్లు తీసి సగటు వేయండి.

ఆరోగ్యం కోసం నడుము కొలవమంటారు. సరిగ్గా ఎక్కడ?

ప్యాంటు కట్టుకునే చోట మాత్రం కాదు. పక్కన చేత్తో తడిమితే ఆఖరి పక్కటెముక తగులుతుంది, కింద తుంటి ఎముక పై అంచు తగులుతుంది. ఆ రెండింటికీ సరిగ్గా మధ్యలో కొలవమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి. మామూలుగా ఊపిరి వదిలిన చివర్లో చూడాలి. టేపు నేలకి సమాంతరంగా ఉండాలి, చర్మాన్ని నొక్కకూడదు. పొట్ట లోపలికి లాగకండి. అద్దం ముందు అందరం లాగుతాం, అది వేరే సంగతి.

దక్షిణాసియా మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు హద్దుగా వాడతారు. యూరప్ మగవాళ్లకి అది 94. ఇవేవీ గుర్తుండకపోతే, నడుము మీ ఎత్తులో సగం దాటకుండా చూసుకోండి. ఎత్తు 160 అయితే నడుము 80 లోపు.

ఫొటో తీస్తే కొవ్వు శాతం చెప్పే యాప్‌లని నమ్మొచ్చా?

ఆకారం బట్టి చేసే అంచనా. వెలుతురు, నిలబడిన తీరు, బట్టలు మారితే అంకె మారుతుంది. ఫొటోలు మాత్రం దాచుకోండి. మూడు నెలల తర్వాత ఆ యాప్ అంకె కన్నా అవే ఎక్కువ చెప్తాయి.

## అంకె చేతికొచ్చాక

స్కాన్‌లో 33 శాతం, ఇంటి మెషిన్‌లో 28. ఏది నిజం?

రెండూ అంచనాలే, దారులు వేరు. ఐదు పాయింట్ల తేడా రావడం వింతేం కాదు. మీ స్థాయి ఎంతో తెలుసుకోవాలంటే స్కాన్ అంకెకి ఎక్కువ విలువ ఇవ్వండి. మార్పు చూడాలంటే ఏదో ఒకదాన్నే పట్టుకుని దాంతోనే నడవండి. స్కాన్‌లో మొదటి అంకె, ఇంటి మెషిన్‌లో రెండో అంకె తీసుకుని "5 శాతం తగ్గాను" అనుకోవడం ఇద్దరు దర్జీల కొలతలు కలిపి చొక్కా కుట్టించుకోవడం లాంటిది.

విసరల్ ఫ్యాట్ 11 అని చూపించింది. 11 ఏంటి? కిలోలా, శాతమా?

రెండూ కాదు, ఆ కంపెనీ పెట్టుకున్న స్కేలు మీద ఒక మెట్టు. కొన్ని 1 నుంచి 30 దాకా, కొన్ని 59 దాకా పెడతాయి. ఒకదాని 11 ఇంకోదాని 11తో సమానం కాదు. లోపలి కొవ్వుని నిజంగా చూడగలిగేది సీటీ, ఎంఆర్ఐ. వాటిలో చదరపు సెంటీమీటర్లలోనో లీటర్లలోనో చెప్తారు. జపాన్‌లో బొడ్డు దగ్గర తీసిన సీటీలో 100 చదరపు సెంటీమీటర్లు దాటితే ఎక్కువ అని లెక్క. పాదాల కింద నుంచి పంపిన కరెంటు అంత లోతు విషయం చెప్పలేదు. మెషిన్ 11 అన్నా 9 అన్నా మీ నడుము కొలత ఎటు పోతోందో చూడండి.

మెటబాలిక్ ఏజ్ నా వయసు కన్నా 12 ఏళ్లు ఎక్కువ వచ్చింది. టెన్షన్ పడాలా?

వద్దు. వైద్యంలో అలాంటి కొలత లేదు. మెషిన్ ఊహించిన కేలరీల ఖర్చుని ఏదో పట్టికతో పోల్చి వేసిన అంకె అది. యాప్‌లో ఆ పేజీ తెరవకపోతే నష్టమేమీ లేదు.

నా టార్గెట్ బరువు ఎంత ఉండాలో దీన్నుంచి లెక్కేయొచ్చా?

వేయొచ్చు. 80 కిలోలు, 30 శాతం అనుకోండి. కొవ్వు 24, మిగతాది 56. 22 శాతానికి రావాలంటే ఆ 56 కిలోలు మొత్తం బరువులో 78 శాతం కావాలి. 56ని 0.78తో భాగిస్తే 71.8 కిలోలు. ఆ 56లో ఏమీ పోకుండా ఉంటేనే ఈ లెక్క నిలుస్తుంది. నిజానికి బరువు తగ్గేటప్పుడు కొంత కండ కూడా పోతుంది. బరువులెత్తే వ్యాయామం, సరిపడా ప్రొటీన్ ఉంటే అది తక్కువగా పోతుంది.

## కొన్నాళ్లు గడిచాక

ఎన్నాళ్లకోసారి కొలవాలి?

నడుము రెండు వారాలకోసారి. క్యాలిపర్ నెలకోసారి. డెక్సా ఆరు నెలలకోసారి, మరీ ఆత్రం ఉంటే మూడు నెలలకి. డెక్సాలో కూడా ఒక శాతం అటూ ఇటూ ఊగడం మామూలు, అంతకన్నా తక్కువ మార్పుని మార్పు అనలేం.

డైట్ మొదలుపెట్టిన వారంలోనే 2 కిలోలు తగ్గాను. అంతా కొవ్వేనా?

చాలావరకు నీరు. కండలో, కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజెన్ (ఒంటి చక్కెర నిల్వ) ఒక్కో గ్రాము తనతో దాదాపు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి, ముఖ్యంగా పిండిపదార్థాలు తగ్గించగానే ఆ నిల్వ ఖర్చవుతుంది, నీరు వెళ్లిపోతుంది. ఒక కిలో ఒంటి కొవ్వులో దాదాపు 7,700 కేలరీలు ఉంటాయి. వారంలో 2 కిలోల కొవ్వు కరగాలంటే రోజుకి 2,200 కేలరీలు లోటు పడాలి. చాలామంది రోజంతా తినేదే అంత ఉండదు. తర్వాతి వారం పావు కిలోనే తగ్గినా అది ఓటమి కాదు, అసలు లెక్క అప్పుడే మొదలైంది.

బరువు కదలడం లేదు, బట్టలు మాత్రం వదులయ్యాయి. ఏం జరుగుతోంది?

కొవ్వు తగ్గి, కండ పెరిగి ఉంటుంది. వ్యాయామం కొత్తగా మొదలుపెట్టినవాళ్లలో ఇది తరచూ కనిపిస్తుంది. అలాగే సాగండి.

క్రియేటిన్ సప్లిమెంట్ మొదలుపెట్టాక లీన్ మాస్ కిలోన్నర పెరిగింది. కండేనా?

మొదటి రెండు వారాల్లో అయితే ఎక్కువ భాగం నీరే. క్రియేటిన్ కండల్లోకి నీటిని లాగుతుంది, మెషిన్ దాన్ని లీన్‌గా లెక్కేస్తుంది. నెల తర్వాత వచ్చిన అంకెని కొత్త మొదలుగా పెట్టుకుని అక్కడి నుంచి పోల్చండి.

పొట్ట వ్యాయామాలు చేస్తే పొట్ట దగ్గరే కొవ్వు తగ్గుతుందా?

కింద కండ గట్టిపడుతుంది, పైన కొవ్వు దాని ఇష్టం వచ్చినట్టు పోతుంది. 1971లో టెన్నిస్ ఆటగాళ్ల రెండు చేతుల మీద చర్మపు మడతలు కొలిచి చూశారు. ఆడే చెయ్యి లావుగా ఉంది, లోపల కండ పెరిగింది కాబట్టి. చర్మం కింద కొవ్వు మందం మాత్రం రెండు చేతులకీ ఒకటే.

## కొందరికి ప్రత్యేకంగా

పీరియడ్స్ ముందు శాతం పెరుగుతోంది. ఎందుకు?

ఆ రోజుల్లో ఒళ్లు నీరు పడుతుంది, బరువూ శాతమూ రెండూ తప్పుతాయి. ఈ నెల ఏ రోజున కొలిస్తే వచ్చే నెల కూడా నెలసరి లెక్కలో అదే రోజున కొలవండి.

శాతం ఎంత తక్కువైతే అంత మంచిదా?

కాదు. బతకడానికి తప్పనిసరి కొవ్వు మగవాళ్లలో 3, ఆడవాళ్లలో 12 శాతం ఉంటుందని అంచనా. ఆ దరిదాపులకి చేరకముందే ఒళ్లు ఎదురు తిరుగుతుంది. ఆడవాళ్లలో తిండి చాలక నెలసరి ఆగిపోతే ఎముక పలచబడటం మొదలవుతుంది. మగవాళ్లలో టెస్టోస్టిరాన్ పడిపోతుంది, నిద్ర చెడుతుంది. పోటీ వేదిక మీద కనిపించే శరీరాలు ఆ ఒక్క రోజుకి తయారైనవి. అంకె చూడకపోతే రోజు గడవనంత, తిండి చూస్తే భయం వేసేంత అయితే కొలవడం ఆపేసి డాక్టర్‌తో మాట్లాడండి.

మా పాపకి 11 ఏళ్లు. నా మెషిన్ మీద ఎక్కించొచ్చా?

వద్దు. చాలా మెషిన్ల సూత్రాలు పెద్దవాళ్ల ఒళ్లతో కట్టినవి. ఎదిగే వయసులో నీరు, ఎముక, కొవ్వు నిష్పత్తి ఏటా మారుతుంది. పిల్లల డాక్టర్లు వయసుని బట్టి బీఎంఐ ఛార్టు వాడతారు, అది చాలు. పదకొండేళ్ల పిల్ల చేతికి కొవ్వు శాతం అనే మాట ఇవ్వకపోవడమే మేలని నా అభిప్రాయం.

నాన్నగారికి 72. బరువు పదేళ్లుగా మారలేదు. కొలిపించాల్సిన అవసరం ఉందా?

ఉంది, కానీ కొవ్వు కన్నా కండ చూడాలి. ఈ వయసులో బరువు అలాగే ఉండి లోపల కండ తగ్గి, ఆ చోటు కొవ్వు ఆక్రమించడం మామూలు. వయసుతో కండ, దాని బలం బాగా తగ్గిపోవడాన్ని సార్కోపీనియా అంటారు. ఇంట్లోనే మొదటి పరీక్ష చేయొచ్చు. పిక్క దగ్గర బాగా లావున్న చోట టేపు చుట్టండి. ఆసియా నిపుణుల బృందం 2019లో ఇచ్చిన హద్దు ప్రకారం మగవాళ్లకి 34, ఆడవాళ్లకి 33 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉంటే అనుమానించాలి. కాళ్లు వాచి ఉంటే ఈ కొలత పనికిరాదు. చేతి పట్టు కొలిచే పరికరం క్లినిక్‌లో ఉంటే అదీ చూపించండి. మగవాళ్లకి 28, ఆడవాళ్లకి 18 కిలోల లోపు ఉంటే బలహీనత కింద లెక్క.

ఆయన ఎత్తు కూడా ఒకసారి కొత్తగా కొలవండి. వయసుతో ఎత్తు తగ్గుతుంది. ముప్పై ఏళ్ల కిందటి ఎత్తు మెషిన్‌లో కొడితే శాతం మొదటి మెట్టులోనే తప్పుతుంది.